పట్టాల మీద పటాలం

టాటానగర్ స్టేషన్లో దిగి, ఊరివైపు కాకుండా పట్టాల అవతలికి వెళితే బాగ్‌బేరా. రైల్వే క్వార్టర్ల పేట. శ్రీకాకుళం, విజయనగరం యాస చెవినపడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. 2003 దాకా మన వాల్తేరు డివిజనూ ఈ ఆగ్నేయ రైల్వేలోదే.

ఈ రైల్వేకు ఒకప్పుడు సొంత పటాలం ఉండేది. సరిహద్దులో కాపలా కాయడానికి కాదు, అవసరం పడితే రైలు నడపడానికి.

మొదట్లో అందులో భారతీయులకు చోటు లేదు. 1887లో దీని పూర్వరూపమైన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడ్డ కొద్దికాలానికే ఉద్యోగులతో వాలంటీర్ రైఫిల్ దళం తయారైంది. 1920 నాటి చట్టంతో అలాంటి దళాలు ఆగ్జిలరీ ఫోర్స్‌లో చేరాయి. అందులోకి రావాలంటే తెల్లవాడో, ఆంగ్లో ఇండియనో అయి ఉండాలి. మనవాళ్లకు అదే ఏడాది టెరిటోరియల్ ఫోర్స్ అని వేరే చట్టం చేశారు. తుపాకీ దగ్గరా పంక్తిభేదమే! అంతకుముందు మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియాలో పరిచిన పట్టాలు ఈ ఊరి టాటా ఉక్కు కొలిమిలో కాగినవే. ఆ రుణం గుర్తు చేసుకుంటూనే 1919 జనవరిలో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాలీమాటి స్టేషన్ టాటానగర్ అయింది. ఉక్కు మీద ఉన్న నమ్మకం దాన్ని మోసిన ఖలాసీ మీద మాత్రం లేదు.

స్వతంత్రం వచ్చాక 1948లో ప్రాంతీయ సైన్యం (టెరిటోరియల్ ఆర్మీ) చట్టం వచ్చింది. 1949 అక్టోబరు 9న రాజాజీ దాన్ని ప్రారంభించారు. రైల్వేకు ప్రత్యేక రెజిమెంట్లు పెట్టారు. అందులో ఒకటి పురూలియా దాటాక వచ్చే ఆద్రాలో, ఇంకొకటి మన సికింద్రాబాద్‌లో. డ్రైవరు, స్టేషన్ మాస్టరు, ఫిట్టరు, పాయింట్స్‌మ్యాన్ ఏడాదంతా తమ డ్యూటీ చేసుకుంటూనే కొన్నాళ్లు శిబిరానికి వెళ్లి ఖాకీ దుస్తుల్లో కవాతు చేసేవారు. యుద్ధం వస్తే బాంబు పడ్డ చోట పట్టా అతికించాలి, సరుకు బండి ఆగకుండా చూడాలి. 1965 సెప్టెంబరు 9న రాజస్థాన్ సరిహద్దులోని గడ్రా రోడ్ దగ్గర పాకిస్తాన్ విమానాల దాడిలో 17 మంది రైల్వే ఉద్యోగులు చనిపోయారు. యుద్ధకాలంలో రైలు పని ఎలాంటిదో చెప్పడానికి అదొక్కటి చాలు.

 

అన్నిటికన్నా ఇరకాటమైన పరీక్ష మాత్రం శత్రువుతో కాదు. 1974 మే 8న కార్మిక నాయకుడు జార్జి ఫెర్నాండెజ్ పిలుపు మీద లక్షలమంది రైల్వే కార్మికులు పని మానేశారు. 20 రోజుల సమ్మె, వేలల్లో అరెస్టులు, క్వార్టర్లలోంచి కుటుంబాలను బయటికి నెట్టడం. బండ్లు నడపడానికి ప్రభుత్వం ప్రాంతీయ సైన్యాన్నీ దించింది. ఆ ఖాకీ తొడుక్కున్న రైల్వే ఉద్యోగి సైనికుడిగా ఆజ్ఞ మీరలేడు. కార్మికుడిగా చూస్తే, నిన్నటిదాకా ఒకే షెడ్డులో తనతో టిఫిన్ డబ్బా పంచుకున్నవాడు సమ్మెలో ఎదుట నిలబడ్డాడు. చట్టం దృష్టిలో అది దేశసేవే. షెడ్డు దృష్టిలో దాని పేరు వేరు. ఇద్దరిలో ఎవరిదీ తప్పని నేను అనలేను. ఒకే మనిషికి రెండు యూనిఫాంలు తొడిగినప్పుడు ఈ రోజు వస్తుందని తొడిగినవాళ్లకు తెలియదా?

2021లో రైల్వే శాఖ ఆద్రా, సికింద్రాబాద్, ఝాన్సీ, కోటా, చండీగఢ్ రెజిమెంట్లు ఎత్తేయాలని నిర్ణయించింది. ఈశాన్యానికి వెళ్లే దారి కోసం జమాల్‌పూర్ ఒక్కదాన్ని అట్టేపెట్టుకుంది. 2025 మేలో పాకిస్తాన్‌తో ఘర్షణ ముదిరినప్పుడు ప్రాంతీయ సైన్యాన్ని పిలిచే అధికారం కేంద్రం సైన్యాధిపతికి ఇచ్చింది. రంగంలోకి దించవచ్చన్నవి 32 పదాతి బెటాలియన్లలో 14. ఆద్రా పేరు ఏ జాబితాలోకీ వచ్చే వీలు అప్పటికే లేదు.