లేబర్ రూమ్‌లో ఏ భాష మాట్లాడతారు?

ఇవాళ మల్కాజ్‌గిరిలో మన రూమ్ కాదు, ఓయూ ఆర్ట్స్ కాలేజ్ మెట్ల మీద కూర్చున్నా. తార్నాక సైడ్ నుంచి హారన్లు వినిపిస్తే కొంచెం సర్దుకోండి. ఇక్కడికే ఎందుకొచ్చానో చెప్తా.

మా అక్క మొదటి కాన్పు. ఆస్పత్రి పేరు వద్దులెండి. తొమ్మిది గంటలు లోపల ఉంది, చివరికి ఆపరేషన్ చేశారు. బయటికొచ్చాక అమ్మతో అన్న మొదటి మాట నొప్పి గురించి కాదు. "ఏం చేస్తున్నారో ఒక్కళ్లు కూడా చెప్పలేదమ్మా." డిశ్చార్జ్ కాగితం మీద 'సీపీడీ' అని మూడక్షరాలున్నాయి. అంటే బిడ్డ తల తల్లి కటి ఎముకల దారిలో పట్టదు అని. గూగుల్‌లో వెతికి అక్కకి నేను చెప్పాల్సి వచ్చింది, బీటెక్ చదివిన తమ్ముణ్ని!

ఇప్పుడు హిస్టరీకి వద్దాం. 1846లో హైదరాబాద్ మెడికల్ స్కూల్ మొదలైంది, పాఠాలు ఉర్దూలో. తర్వాత ఇంగ్లిష్‌కి మారింది. 1918లో ఈ ఉస్మానియా యూనివర్సిటీ వచ్చాక మెడిసిన్ మళ్లీ ఉర్దూలోకొచ్చింది. పుస్తకాలు తర్జుమా చేయడానికి 1917లోనే ఒక పెద్ద విభాగం పెట్టారు, శాస్త్ర పదాలకు ఉర్దూలో మాటలు తయారుచేశారు. మామూలు పని కాదది. 1948 తర్వాత మళ్లీ ఇంగ్లిష్. అంటే డాక్టర్ ఏ భాషలో చదవాలనే దాని మీద ఇన్నేళ్లు ఆలోచించారు. నొప్పులు పడుతున్న తెలుగు పల్లె మనిషికి ఎవరు, ఎలా చెప్పాలి? ఆ పాఠం మాత్రం ఎక్కడా పెద్దగా కనిపించదు. డెవలపర్‌కి డాక్యుమెంటేషన్ రాసి యూజర్‌ని మర్చిపోయినట్టు.

ఇంటి దగ్గర మంత్రసాని ఉండేది. ఆమెది తల్లి మాట్లాడే భాషే, రాత్రంతా పక్కనే కూర్చునేది. అలాగని ఆ రోజులే బాగుండేవని నేననను. రక్తం పోయి, చీము పట్టి తల్లులు చనిపోయేవాళ్లు. ఆస్పత్రి ప్రాణాలు కాపాడింది, అందులో డౌటే లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే. కానీ సిజేరియన్లు 60.7 శాతం. ప్రైవేట్‌లో అయితే 81.5! ముహూర్తాలు, బిల్లులు, భయం, కారణాలు చాలా ఉన్నాయి. మాట్లాడకపోవడం ఒక్కటే అనుకోవద్దు. కానీ భయం పెరిగేది ఎవరూ ఏమీ చెప్పనప్పుడేగా? భయపడితే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, దానివల్ల నొప్పులు నెమ్మదించొచ్చు కూడా.

2017లో కరీంనగర్‌లో ఒక పని మొదలైంది. రాష్ట్ర ప్రభుత్వం, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ కలిసి 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ ట్రైనింగ్ పెట్టాయి. మరుసటి ఏడాది డిసెంబర్‌లో కేంద్రం దేశం మొత్తానికి మిడ్‌వైఫరీ గైడ్‌లైన్స్ తెచ్చింది. ఇలాంటి ట్రైనింగ్‌లో మాట కూడా ఒక స్కిల్లే. ముందు నీ పేరు చెప్పు. ఆమె పేరు అడుగు, "ఏయ్ అమ్మాయ్" కాదు. చెయ్యి పెట్టేముందు ఎందుకో చెప్పి, సరే అన్నాకే పెట్టు. నొప్పి వచ్చినప్పుడు ఆగు, తగ్గాక మాట్లాడు. వినడానికి చిన్న విషయాలే. రాత్రి రెండింటికి, వార్డు నిండుగా ఉన్నప్పుడు, ముందు రోజు నుంచి నిద్రలేని నర్సు చేయాలంటే మాత్రం ప్రాక్టీస్ కావాలి. తిట్టే నర్సులందరూ చెడ్డవాళ్లని నాకనిపించదు, వాళ్లతో కూడా ఎవరూ సరిగ్గా మాట్లాడి ఉండరు.

ఇంకోటి. పక్కన తోడు మనిషి ఉంటే ఏమవుతుంది? 2017లో 26 అధ్యయనాలు, 15 వేలకు పైగా తల్లుల వివరాలు కలిపి చూశారు. తోడు ఉన్నవాళ్లలో సిజేరియన్లు దాదాపు పావు వంతు తక్కువ. మన దగ్గర సర్కారు దవాఖానాల్లో తోడుగా ఒక ఆడమనిషిని రానివ్వొచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. చాలామందికి తెలీదు. మా అమ్మకీ తెలీదు, ఆ తొమ్మిది గంటలూ బయట కుర్చీలోనే ఉంది.

అక్కకి ఇప్పుడు ఏడో నెల. పోయిన ఆదివారం ఇద్దరూ కూర్చుని ఒక నోట్‌బుక్‌లో డాక్టర్ని అడగాల్సినవి తెలుగులో రాసుకున్నారు. పదకొండు ప్రశ్నలు. మొదటిది: "లోపలికి మా అమ్మని రానిస్తారా?"