సెన్సార్ మీద మచ్చ: తప్పు మనదా, కెమెరాదా?

కెమెరా సెన్సార్ ఇంట్లోనే క్లీన్ చేసుకోవచ్చా అంటే, చేసుకోవచ్చు. ఎలాగో చివర్లో చెప్తాను. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: అసలు ఆ మచ్చ అక్కడికి ఎలా వచ్చింది?

ఫిల్మ్ రోజుల్లో నలుసు పడితే ఒక ఫ్రేమ్ మీద పడేది. రీలు తిప్పగానే ఆ ఫ్రేమ్‌తో పాటే వెళ్ళిపోయేది. 36 ఫొటోలకి 36 కొత్త ముక్కలు కదా! డిజిటల్‌లో లక్ష ఫొటోలు తీసినా సెన్సార్ అదే. ఒక్క నలుసు అంటుకుందంటే ప్రతి ఫొటోలో, అదే చోట, బూడిద రంగు మచ్చ. 1999లో నైకాన్ డీ1, 2000లో కెనాన్ డీ30 వచ్చాయి. అప్పటికి వీటిలో దీనికి మందు లేదు. బ్లోయర్ కొట్టుకో, లేదంటే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళు. అంటే దుమ్ము యూజర్ సమస్య అన్నమాట.

2003లో ఒలింపస్ ఈ-1 ఆ ఆలోచన మార్చింది. సెన్సార్ ముందు ఒక పల్చటి గాజు ఫిల్టర్ పెట్టి, కెమెరా ఆన్ చేయగానే దాన్ని అల్ట్రాసోనిక్ వేగంతో వణికించారు. దుమ్ము రాలి కింద జిగురు పట్టీకి అంటుకుంటుంది. ఇంజనీర్‌గా నాకు ఇది బాగా నచ్చిన డిజైన్. యూజర్‌కి జాగ్రత్తలు చెప్పడం మానేసి సిస్టమ్‌లోనే పరిష్కారం పెట్టారు. కెనాన్ 2006లో 400డీతో, నైకాన్ 2007లో డీ300తో ఇదే దారి పట్టాయి.

కానీ వణికిస్తే రాలేది పొడి దుమ్మే. జిడ్డు రాలదు. ఇక్కడే అసలు కథ మొదలవుతుంది.

2012 సెప్టెంబర్‌లో నైకాన్ డీ600 వచ్చింది. ఫుల్ ఫ్రేమ్, పైగా అప్పటికి అందుబాటు ధర. దాచుకున్న డబ్బులతో కొన్నవాళ్ళకి కొద్ది రోజులకే ఫొటోల్లో మచ్చలు, ఎక్కువగా పైన ఎడమ మూల. "లెన్స్ మార్చేటప్పుడు దుమ్ము పడి ఉంటుంది" అనడం తేలికే. (పెళ్ళిలో తలంబ్రాల టైమ్‌లో లెన్స్ మార్చేవాళ్ళని అలా అన్నా నమ్ముతాం!) కానీ లెన్స్ అసలు తీయకుండా వందల ఫొటోలు తీసి, మచ్చలు ఒక్కొక్కటిగా పెరగడాన్ని టైమ్‌ల్యాప్స్‌లో చూపించారు. లెన్సే తీయకపోతే బయటి దుమ్ము ఎక్కణ్ణుంచి వస్తుంది?

2013 ఫిబ్రవరిలో కంపెనీ నోటీసు ఇచ్చింది. ఇలాంటి మచ్చలు పూర్తిగా లేకుండా చేయడం కష్టమని చెప్పి, బ్లోయర్‌తో క్లీన్ చేసుకోమంది. అక్టోబర్‌లో డీ610 వచ్చింది, దాదాపు అదే కెమెరా, షటర్ మాత్రం కొత్తది. చెప్పకుండానే చెప్పినట్టయింది కదా! వారంటీ అయిపోయినా ఉచితంగా షటర్ మారుస్తామని ప్రకటించింది 2014 ఫిబ్రవరిలో. మార్చి 15న చైనా ప్రభుత్వ టీవీ దీన్ని బయటపెట్టింది, వెంటనే షాంఘై అధికారులు డీ600 అమ్మకాలు ఆపమన్నారు. మొదటి కెమెరా కొన్నవాళ్ళు దాదాపు ఏడాదిన్నర తుడుచుకుంటూనే ఉన్నారు.

సరే, ఇప్పుడు మన పని. ఎఫ్/16 పెట్టి తెల్ల గోడని అవుట్ ఆఫ్ ఫోకస్‌లో ఫొటో తీయండి. ఫొటోలో పైన కనిపించే మచ్చ సెన్సార్ మీద కింద ఉంటుంది, ఎందుకంటే లెన్స్ బొమ్మని తలకిందులుగా వేస్తుంది. బ్యాటరీ ఫుల్‌గా ఉంచి, క్లీనింగ్ మోడ్ పెట్టి, బాడీని బోర్లా పట్టుకుని రబ్బరు బ్లోయర్ కొట్టండి. నోటితో ఊదొద్దు, డబ్బా గాలి అసలే వద్దు, అందులోని ద్రవం చిమ్మి మరక పడుతుంది. అప్పటికీ పోకపోతే మీ సెన్సార్ సైజుకి సరిపోయే స్వాబ్, రెండు చుక్కల లిక్విడ్. ఒకవైపు ఒక్కసారి, తిప్పి రెండోవైపు ఒక్కసారి. తర్వాత ఆ స్వాబ్ పారేయండి. మీరు తుడిచేది చిప్‌ని కాదు, దాని మీదున్న ఫిల్టర్ గాజుని. అయినా గీత పడితే ఖర్చే.

క్లీన్ చేశాక అదే గోడని మళ్ళీ తీసి, తేదీతో సేవ్ చేసుకోండి. లెన్స్ మార్చకుండానే మచ్చలు తిరిగొస్తే ఇంక తుడవకండి. ఆ రెండు ఫొటోలూ పట్టుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్ళండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.