ఎవరి తూకంలో తక్కువ?
(రోరీ గాలహర్ కచేరీల గురించి)

ఐర్లండు గిటార్ వాద్యకుడు రోరీ గాలహర్ (1948–1995) ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆయన అభిమానులు తప్పక అనే మాట ఒకటుంది: "ఆయనకు రావలసినంత పేరు రాలేదు" అని. ఈ మాటలో ప్రేమ ఉంది, ఆవేదన ఉంది. ఒక చిక్కు కూడా ఉంది. పేరు ఇవ్వవలసినవారు ఎవరు? ఏ కొలత పెట్టి ఇవ్వాలి? ఈ ప్రశ్న వేసుకోనంతకాలం అభిమానులు కూడా తమకు తెలియకుండానే రికార్డు వ్యాపారి తక్కెడతోనే తమ కళాకారుణ్ణి తూస్తున్నారని నా అభిప్రాయం.

నేను తెలుగు సాహిత్యం పాఠం చెప్పేవాణ్ణి. గిటార్ శాస్త్రం నాకు రాదు. ఆయన కచేరీలను రికార్డుల్లో విన్నాను, చలనచిత్రాల్లో చూశాను, అంతే. అయితే అచ్చుకెక్కినదానికి చరిత్ర రాసి, జనం మధ్య నడిచినదాన్ని పాదసూచికలోకి తోసే అలవాటు సాహిత్య చరిత్రకారులకూ ఉన్నది గనుక ఈ విషయం నాకు పరాయిది కాదు.

బ్లూస్ సంగీతం మిసిసిపీ పత్తితోటల్లో నల్లజాతి కూలీల నోట పుట్టింది. మడ్డీ వాటర్స్ పాటను 1941లో స్టోవల్ తోటలో మొదట రికార్డు చేసినప్పుడు ఆయన అక్కడ వ్యవసాయపు పనివాడు. 1943లో ఆయన షికాగో చేరాడు. అక్కడి సారాయి కొట్ల గోలలో మామూలు గిటార్ వినపడదు. విద్యుత్ గిటార్ అవసరమైంది. ఆ విద్యుత్ బ్లూస్‌నే 1960లలో బ్రిటన్ కుర్రవాళ్ళు అందుకుని రాక్ సంగీతంతో కలిపారు. ఆ తరంవాడే గాలహర్. కాని ఆయన పుట్టింది లండనులో కాదు, డోనెగాల్ ప్రాంతంలోని బాలీషానన్‌లో. తండ్రి అక్కడ ఎర్న్ నది మీద జలవిద్యుత్ కేంద్ర నిర్మాణంలో పనిచేశాడు. పిల్లవాడు డెరీలోను, తరువాత కార్క్ నగరంలోను పెరిగాడు.

ఆనాటి ఐర్లండులో సంగీతంతో పొట్టపోసుకోవాలంటే 'షోబ్యాండు'లో చేరడమే దారి. ఒకే రకం సూట్లు తొడుక్కుని, ఆ వారం రేడియోలో మోగిన పాటలను నాట్యశాలల్లో అచ్చుగుద్దినట్టు వాయించాలి. ఇందులో కొత్తదనానికి చోటులేదు. 1963లో పదిహేనేళ్ళ రోరీ కార్క్‌లోని క్రౌలీ సంగీత దుకాణంలో 1961 నాటి స్ట్రాటోకాస్టర్ గిటార్‌ను 100 పౌన్లకు వాయిదాల మీద కొన్నాడు. దాని మునుపటి యజమాని కూడా ఒక షోబ్యాండు వాడే. ఆ కుర్రవాడు సూటు తొడుక్కుని కొన్నాళ్ళు ఆ కొలువు చేసి, 1966లో 'టేస్ట్' అనే సొంత బృందం పెట్టాడు. 1970 ఆగస్టులో ఐల్ ఆఫ్ వైట్ ఉత్సవంలో ఆ బృందం జనాన్ని ఊపివేసింది. ఆ ఏడాది చివరికే చీలిపోయింది. 1971 నుంచి ఆయన తన పేరుతోనే తిరిగాడు. వేదిక మీద వేషం ఏమిటంటే గళ్ళ చొక్కా, పాత జీన్సు లాగు. వడ్రంగి పనికి వెళ్ళేవాడు కూడా అలాగే వెళ్తాడు.

ఇక బెల్‌ఫాస్ట్ సంగతి. ఉత్తర ఐర్లండు సంఘర్షణలో 1972 ఒక్క ఏడాదిలోనే 470 మందికి పైగా చనిపోయారు. చీకటి పడితే నగరం మధ్యభాగం నిర్మానుష్యం. బయటి సంగీత బృందాలు చాలావరకు అటు రావడం మానేశాయి. గాలహర్ మాత్రం ఆ ఏళ్ళలో తిరిగి తిరిగి వచ్చి అల్‌స్టర్ హాలులో వాయించాడు. బృందంలో బాస్ గిటార్ వాయించే జెరీ మెకావోయ్ ఆ ఊరివాడే. కాథలిక్ పేటల కుర్రవాళ్ళు, ప్రొటెస్టెంట్ పేటల కుర్రవాళ్ళు ఒకే ద్వారం గుండా లోపలికి వెళ్ళి పక్కపక్కన నిలబడ్డారు. దీన్ని గోరంతలు కొండంతలు చెయ్యడం నాకు ఇష్టం లేదు. ఆ కచేరీల వల్ల బాంబులు ఆగలేదు. గాలహర్ శాంతి ఉపన్యాసాలూ ఇవ్వలేదు. కొందరు అభ్యుదయ విమర్శకులకు ఇది లోపంగా కనబడవచ్చు. కాని ఇంటి నుంచి బయటికి రావడమే సాహసమైన ఊళ్ళో, టిక్కెట్టు కొన్న కార్మికుడి కొడుక్కి రెండు గంటలపాటు మామూలు మనిషిగా బతికే హక్కు దక్కింది. ఇది చిన్న విషయమా? ఆ తరంవాళ్ళు ఈనాటికీ ఆయన పేరు చెబితే కరిగిపోవడానికి కారణం వేళ్ళ వేగం ఒక్కటే కాదు.

1974 జనవరిలో బెల్‌ఫాస్ట్, డబ్లిన్, కార్క్ నగరాల్లో జరిగిన కచేరీల నుంచే 'ఐరిష్ టూర్ 74' రికార్డు, టోనీ పామర్ తీసిన చిత్రం వచ్చాయి. అందులోని 'ఎ మిలియన్ మైల్స్ అవే' పాటను, అంతకుముందు ఏడాది స్టూడియోలో చేసిన అదే పాటను పక్కపక్కన పెట్టి వినవలసిందిగా పాఠకులను కోరుతున్నాను. స్టూడియోలో ఏడు నిమిషాల లోపే. కచేరీలో తొమ్మిది దాటింది. పొడవు ముఖ్యం కాదు. రేవు పక్క మద్యశాలలో జనం మధ్య కూర్చుని ఎక్కడికో పోయిన ఒంటరివాడి పాట అది. స్టూడియోలో ఆ ఒంటరితనం చక్కగా వర్ణింపబడింది. కచేరీలో వాద్యం దాదాపు గుసగుస దాకా దిగుతుంది, ఆగుతుంది, మళ్ళీ లేస్తుంది. శ్రోతల ఊపిరి మీద చెయ్యి పెట్టి లయ చూసుకుంటున్నాడా అనిపిస్తుంది. ముందుగా రాసుకున్న పాటల వరసకు ఆయన కట్టుబడేవాడు కాదు. హాలు ఎటు మొగ్గితే కచేరీ అటు నడిచేది. శ్రోత ఇక్కడ కొనుగోలుదారు కాడు, రచనలో భాగస్వామి. స్టూడియోలో ఆ భాగస్వామి ఉండడు. 1977 చివర శాన్‌ఫ్రాన్సిస్కోలో పూర్తిచేసిన ఒక రికార్డును గాలహర్ తృప్తి చెందక పక్కన పారేశాడు. అది 2011లో గాని వెలుగు చూడలేదు.

అదే 1977 జూలైలో జర్మనీలోని ఎసెన్ కచేరీని టెలివిజన్ యూరపంతటా చూపింది. 1981లో ఏథెన్స్ మైదానంలో వేలాది యువకుల ముందు వాయించాడు. సైనిక నియంతృత్వం కూలి ఏడేళ్ళయినా ఆనాడు పోలీసుల భాష్పవాయువు వేదిక దాకా వచ్చింది. ఇంతమంది విన్న మనిషిని 'పేరు రానివాడు' అంటున్నామంటే, ఆ పేరు అమెరికా అమ్మకాల పట్టికలో లేదని అర్థం. విడి పాటల చిన్న రికార్డులు అమ్ముకుని జనాదరణ పొందే పద్ధతికి ఆయన దూరంగా ఉన్నాడు. ఆ పట్టికలోకి ప్రవేశద్వారమే అది.

అభిమానులు ప్రచారంలో పెట్టిన కథ ఒకటుంది. అత్యుత్తమ గిటారిస్టుగా ఉండడం ఎలా ఉందని జిమీ హెండ్రిక్స్‌ను అడిగితే, "రోరీ గాలహర్‌ను అడగండి" అన్నాడట. ఎప్పుడు, ఎక్కడ అన్నాడో రుజువు చూపినవారు లేరు. ఇదే కథను ఫిల్ కేగీ వంటి ఇతర గిటారిస్టుల పేర్ల మీద కూడా చెబుతారు. కథ అబద్ధమన్నది ఒక సంగతి. తమ చెవులతో విన్నదానికి మరొక ప్రసిద్ధుడి ముద్ర కావాలనుకోవడం అంతకన్న విచారకరం. రోలింగ్ స్టోన్స్ కథను కూడా ఇలాగే తలుచుకుంటారు. 1975 జనవరిలో ఆ బృందం పిలిస్తే రాటర్‌డామ్ వెళ్ళి కొద్దిరోజులు వారితో వాయించిన మాట నిజం. తరువాత తన జపాన్ పర్యటనకు వెళ్ళిపోయాడు. దీన్ని మహాత్యాగమని కొందరు, చేజారిన అదృష్టమని కొందరు అంటారు. అక్కడ టిక్కెట్లు అమ్ముడుపోయి ఉన్నాయి, జనం ఎదురు చూస్తున్నారు. దినకూలీకి వెళ్ళేవాడికి ఈ తర్కం వేరే చెప్పనక్కరలేదు.

ఆయన చివరి కచేరీ కూడా రాటర్‌డామ్‌లోనే, 1995 జనవరి 10న. అప్పటికే ఆరోగ్యం పాడైంది. కాలేయం మార్పిడి తరువాత సోకిన వ్యాధితో జూన్ 14న లండనులో మరణించాడు. వయస్సు 47. బాలీషానన్‌లో 2010లోను, అల్‌స్టర్ హాలు ఎదుట 2025లోను కంచు విగ్రహాలు వెలిశాయి. ఆ 100 పౌన్ల గిటార్‌ను 2024 అక్టోబరులో లండనులో వేలం వేశారు. దాన్ని ఐర్లండు ప్రభుత్వమే కొనాలని అభిమానులు పోరారు. చివరకు 7 లక్షల పౌన్లకు పాట ముగిసింది. రుసుములతో కలిపితే 8 లక్షల 80 వేలు దాటింది. కొన్నది కచేరీల వ్యాపారం చేసే పెద్ద కంపెనీ, లైవ్ నేషన్ గేయిటీ ప్రొడక్షన్స్. గిటార్‌ను ఐర్లండు జాతీయ మ్యూజియానికి ఇస్తున్నట్టు ఆ కంపెనీ ప్రకటించింది. దాని మీది రంగు చాలావరకు ఊడిపోయి కొయ్య బయటపడి ఉంది. ఏళ్ళ తరబడి ఆయన చెమట పడి అలా అయిందని చెబుతారు.