పేరు పెట్టేలోగా

మన ఇళ్ళల్లో బిడ్డ పుడితే పదకొండో రోజునో, ఇరవై ఒకటో రోజునో బారసాల చేస్తాం. పేరు పెట్టడమంటే ఈ బిడ్డ మనవాడని నలుగురికీ చెప్పడం. శాస్త్రప్రపంచంలోనూ అటువంటి తంతు ఒకటుంది. కొత్త జీవి కనిపిస్తే దాన్ని కొలిచి, వర్ణించి, లాటిన్ పేరొకటి తగిలించి పత్రికలో అచ్చు వేస్తారు. ఆ రోజు నుంచే ఆ జీవికి లెక్కల్లో చోటు. నేను చెప్పబోయేది ఒక చెట్టుకప్ప బారసాల కథ. దానికి పేరు పెట్టింది 2008లో. అడవిలో దాని గొంతు చివరిసారి వినిపించింది 2007లో!

ఆ కప్ప స్వస్థలం మధ్య అమెరికాలోని పనామా దేశం, ఎల్ వాయె అనే ఊరి చుట్టుపక్కల కొండలు. ఆ ఊరే ఒక పాత అగ్నిపర్వతం నోట్లో ఉంటుంది. చుట్టూ కొండల మీద ఎప్పుడూ మబ్బు కూర్చునే అడవి. కప్పలంటే మనకి చెరువూ, వరిమడీ, వానాకాలపు బెకబెకలూ గుర్తొస్తాయి. ఉష్ణమండలపు అడవుల్లో మాత్రం కప్పల లోకంలో సగం నేలకి ఎంతో ఎత్తున, కొమ్మల్లో ఉంటుంది. అక్కడ నీళ్ళెక్కడివంటారా? చెట్టు తొర్రల్లో వాననీళ్ళు నిలుస్తాయి. కొమ్మల మీద పెరిగే అనాస జాతి మొక్కల ఆకుల మధ్య దోసెడు దోసెడు నీళ్ళుంటాయి. చెట్టుకప్ప వేళ్ళ చివర గుండ్రటి మెత్తలుంటాయి కనుక తడి ఆకు మీద కూడా జారదు. కొన్ని జాతులు నేల మీదకి దిగేది బహు అరుదు.

మన కథానాయకుడు సుమారు పది సెంటీమీటర్ల లోపు గోధుమరంగు జీవి. చేతుల అంచునా, కాళ్ళ అంచునా చర్మపు కుచ్చులు, వేళ్ళ మధ్య పెద్ద పెద్ద పొరలు. పైనుంచి దూకితే ఆ పొరలు గొడుగులా విచ్చుకుని గాలిలో తేలుతూ దిగుతుంది. అంతకన్నా వింత దాని కాపురం. ఆడకప్ప తొర్రలోని నీళ్ళ అంచున గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. కాపలా తండ్రిది. పిల్లలు పుట్టాక తండ్రి వెనక్కి జరిగి నీళ్ళలో కూర్చుంటే, తోకకప్పలు ఆయన ఒంటి మీది చర్మపు పొట్టుని గీరుకుని తింటాయి. తన ఒంటితోనే పిల్లల కడుపు నింపే తండ్రి కప్ప అంతకుముందు ఎవరికీ తెలియదు.

ఇంత వింత జీవి మాయమవడానికి కారణమేమిటి? అడవి నరికివేత అనుకుంటాం, అది సహజం. కాని 1980లలో శాస్త్రజ్ఞుల్ని కలవరపెట్టింది వేరే సంగతి. చెట్లు చెక్కుచెదరలేదు, వాగులు తేటగా ఉన్నాయి, కప్పలు మాత్రం లేవు. కోస్టారికాలో మోంతెవెర్దె అడవిలోని బంగారు గోదురుకప్పని చివరిసారి చూసింది 1989లో. అదే ఏడాది ఇంగ్లండులోని కాంటర్‌బరీలో సరీసృపాల, ఉభయచరాల శాస్త్రజ్ఞుల మొదటి ప్రపంచ మహాసభ జరిగింది. అక్కడ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటుంటే తేలిందేమిటంటే, ఎవరి దేశంలో వాళ్ళు విడివిడిగా అదే కథ చూస్తున్నారని.

కేరన్ లిప్స్ అనే పరిశోధకురాలు 1990ల మొదట్లో కోస్టారికాలో, పనామా సరిహద్దు దగ్గర ఒక కొండ మీద కప్పల్ని అధ్యయనం చేసేది. ఆమె కళ్ళముందే అవి తగ్గిపోయాయి. ఆమె తూర్పుకి జరిగి పనామాలో ఫోర్తూనా అనే చోట పని మొదలుపెట్టింది. 1996-97లో అక్కడ వాగుల వెంట చచ్చిన కప్పలు దొరికాయి. ఇంకా తూర్పుకి వెళ్ళి ఎల్ కోపె చేరింది. 2004లో ఆపద అక్కడికీ వచ్చింది. పటం మీద ఆ చోట్లని వరసగా కలిపితే పడమటి నుంచి తూర్పుకి నడుస్తున్న కెరటం కనిపిస్తుంది.

ఆ కెరటం పేరు కైట్రిడ్ బూజు. 1998లో ఆస్ట్రేలియా, పనామా కప్పల చర్మాల్లో దాన్ని గుర్తించారు, 1999లో దానికీ నామకరణం జరిగింది. కప్ప చర్మం మన తోలు లాంటిది కాదు. దాని ద్వారానే నీళ్ళు తాగుతుంది, లవణాలు సర్దుకుంటుంది, కొంత ఊపిరి కూడా పీలుస్తుంది. బూజు ఆ చర్మంలో కాపురం పెడితే రక్తంలో సోడియం, పొటాషియం తగ్గిపోయి చివరికి గుండె ఆగిపోతుంది. ఈ బూజుకి చల్లదనం, తడి ఇష్టం. మబ్బు కప్పుకున్న కొండలకన్నా దానికి కావలసినదేముంది?

ఎల్ కోపె తరువాత వంతు ఎల్ వాయెదే అని అందరికీ అర్థమయింది. 2005లో అట్లాంటా నగరం నుంచి జంతుప్రదర్శనశాల, వృక్షోద్యానం వాళ్ళు కలిసి అక్కడికి వెళ్ళి, కెరటం తాకేలోగా దొరికినన్ని కప్పల్ని పట్టి తెచ్చారు. అందులో మన కుచ్చుల చెట్టుకప్పలు కొన్ని ఉన్నాయి. అప్పటికి వాటికి పేరు కూడా లేదు. 2006లో బూజు ఎల్ వాయె చేరింది. ఆ హడావిడిలో అక్కడి హోటలు గదుల్లో కూడా కప్పల్ని దాచారు. 2008లో చికాగో దగ్గరి జంతుప్రదర్శనశాల నడిపిన జార్జ్ ర్యాబ్, ఆయన భార్య మేరీ గౌరవార్థం దీనికి ‘ర్యాబ్‌ల చెట్టుకప్ప’ అని పేరు పెట్టారు.

సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఉన్నవాడిని కనుక నాకిది బ్యాకప్ కథలా కనిపిస్తుంది. అసలు సర్వరు మునిగిపోతుందని తెలిసినప్పుడు డేటాని వేరే ఊళ్ళో దాస్తాం. మా వృత్తిలో ఒక సూత్రం ఉంది: తిరిగి నిలబెట్టి చూడని బ్యాకప్పు బ్యాకప్పే కాదు. ఆ కప్పల్ని నిలబెట్టాలంటే పిల్లలు పెరగాలి. అట్లాంటాలో చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. 2009లో చివరి ఆడకప్ప పోయింది. మిగిలినవి రెండూ మగవే. ఒకటి జంతుప్రదర్శనశాలలో, ఒకటి వృక్షోద్యానంలో. 2012 ఫిబ్రవరిలో మొదటిది జబ్బుపడితే నొప్పి లేకుండా సాగనంపారు.

మిగిలిన ఒక్కదానికి సంరక్షకుడి కొడుకు ‘టఫీ’ అని పేరు పెట్టాడు, గట్టిపిండం అని అర్థం. ఏళ్ళ తరబడి మౌనంగా ఉన్న టఫీ 2014 డిసెంబరులో ఒకనాడు కూత వేసింది. మగకప్ప కూత వేసేది ఆడకప్పని పిలవడానికి. ఆ పిలుపు అందుకోగల ప్రాణి భూమ్మీద ఇంకెక్కడైనా ఉన్నట్టు ఎవరికీ తెలియదు. సంరక్షకుడు మార్క్ మాండికా దాన్ని రికార్డు చేశాడు. 2016 సెప్టెంబరు 26న టఫీ పోయింది. నేనుండేది అట్లాంటా శివార్లలోనే. ఇక్కడ వేలమంది తెలుగువాళ్ళం ఉన్నాం. ఒక జాతి చరిత్ర మన ఊళ్ళో ముగిసిందని మనలో ఎంతమందికి తెలుసు?

ఇంతకీ నేరస్థుడు ఎక్కడివాడు? 1930లలో దక్షిణాఫ్రికాలో లాన్సెలాట్ హాగ్‌బెన్ అనే శాస్త్రవేత్త, గర్భిణి మూత్రాన్ని ఒక ఆఫ్రికా కప్పకి ఎక్కిస్తే అది గంటల్లో గుడ్లు పెడుతుందని చూపించాడు. ఆ పరీక్ష కోసం వేలాది కప్పలు దేశదేశాలకి ఓడలెక్కాయి. 1938 నాటి అటువంటి కప్ప ఒకదాని చర్మంలో ఈ బూజు ఉందని 2004లో తేలడంతో నింద ఆఫ్రికా మీద పడింది. కాని 2018లో ప్రపంచం నలుమూలల బూజు నమూనాల జన్యువుల్ని పోల్చి చూస్తే మూలం తూర్పు ఆసియా, ముఖ్యంగా కొరియా ద్వీపకల్పం అని తేలింది. 20వ శతాబ్దంలో పెరిగిన కప్పల వ్యాపారమే, పెంపకానికో తిండికో, దాన్ని ఊరూరా పంచిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

మన దేశమూ ఆ వ్యాపారంలో ఉండేది. వరిచేలలోని కప్పల కాళ్ళు విదేశాలకి ఎగుమతయ్యేవి. 1987లో ప్రభుత్వం నిషేధించింది. ఈ బూజు పడమటి కనుమల కప్పల్లో ఉందని 2011లో ప్రకటించారు. అదృష్టవశాత్తు పనామాలో లాగా కప్పలు మూకుమ్మడిగా చచ్చినట్టు మన దగ్గర కనబడలేదు. ప్రపంచం మొత్తం మీద మాత్రం 2019లో వేసిన లెక్క ప్రకారం ఈ రోగం వల్ల 501 జాతులు క్షీణించాయి, అందులో 90 అంతరించి ఉంటాయని అంచనా.

కథలో ఒక మలుపు మిగిలింది. పనామాలో పోయాయనుకున్న కప్ప జాతులు కొన్ని మళ్ళీ కనిపిస్తున్నాయని 2018లో ఒక పరిశోధన చెప్పింది. బూజు బలహీనపడలేదట, కప్పల చర్మం ఊరించే రసాలే బలం పుంజుకున్నాయట. మరైతే పట్టి తేవడం వృథా ప్రయాసా? అలా అనలేం. ఎవరు గట్టెక్కుతారో 2005లో ఎవరికి తెలుసు? పనామా జాతీయ చిహ్నమైన బంగారు కప్ప జాతి నిలిచింది సంరక్షణ కేంద్రాల వల్లే. టఫీ జాతి గట్టెక్కలేదు కాని, దాన్ని తేకపోయి ఉంటే దాని గొంతు రికార్డు కూడా మనకి దక్కేది కాదు.

మన తూర్పు కనుమల్లోనూ, పల్లెల్లోనూ ఒక చెట్టుకప్ప ఉంది. వానాకాలంలో నీటికి పైన ఆకుల మీద నురగ గూడు కట్టి గుడ్లు పెడుతుంది, పిల్లలు కింద నీళ్ళలోకి జారిపడతాయి. ఒక్కోసారి స్నానాలగది గోడ మీద కూడా దర్శనమిస్తుంది. వాన కురవకపోతే రోకలికి కప్పని కట్టి ఇంటింటా నీళ్ళు పోయించిన జాతి మనది. చెట్టుకప్ప, గోదురుకప్ప, బావురుకప్ప అని ఎవరినీ అడగకుండానే మన పూర్వులు పేర్లు పెట్టుకున్నారు. ఆ పేర్లు పుట్టింది పత్రికల్లో కాదు, రోజూ వినే గొంతుల్ని గుర్తుపట్టడంలో. మన కప్పలకి బారసాల ఎప్పుడో అయిపోయింది. ఆ పేర్లు పలికేవాళ్ళూ, ఆ గొంతులూ రెండూ ఉండేలా చూసుకోవడమే ఇప్పుడు మిగిలిన పని.