కతకరేణువును మత్స్యకోశమును

ఇందుపగింజ, చిల్లగింజ యని మనవారు వ్యవహరించు కతకబీజము నెఱుగని పండితులుండరు. దానిని కుండలోపలి గోడకు అరుగదీసి బురదనీరు పోసినచో మడ్డి యడుగునకు దిగి నీరు తేటపడును. సుశ్రుతుడు చెప్పిన యేడు జలప్రసాదకములలో నిది యొకటి. దాని పేరు పలికినంతమాత్రమున నీరు తేఱదని మనువు హెచ్చరించెను. శంకరకృతముగా ప్రసిద్ధమైన ఆత్మబోధమున, జ్ఞాన మజ్ఞానమును తొలగించి కతకరేణువువలె తానును నశించునని చెప్పబడినది. నశించుటయన నిచ్చట నేమి? పొడి లేకయే పోవునా, కానరాక యుండునా?

ఈ సంశయమునకు బీరు కాచువారి యనుభవము సాయపడుననుట కొందఱికి రోత పుట్టింపవచ్చును. అయినను చూతము.

యవలతో చేయు బీరు పులిసిన పిదప ఈస్టు కణములు అందు తేలుచు మబ్బు కల్పించును. దానిని తేర్చుటకు ఇంగ్లండువారు ఎండబెట్టిన చేపల గాలితిత్తులను వాడిరి. రష్యానుండి వచ్చు స్టర్జియను చేపల తిత్తులు శ్రేష్ఠములు. ఐసింగ్లాసను నామము చేపతిత్తి యను నర్థముగల పాత డచ్చి పదమునకు వికృతి. గాజుతో దానికి సంబంధము లేదు.

ఈ వస్తువు నెట్లు చేయుదురో ఇంగ్లండున చిరకాలము తెలియలేదు. హంఫ్రీ జాక్సను అను రసాయనజ్ఞుడు పూర్వగ్రంథకర్తల మాట నమ్మి చేపభాగములను ఉడికించి చూచెను. ఎన్నిమాఱులు చేసినను జిగురే వచ్చెను గాని ఐసింగ్లాసు రాలేదు. తుదకు అది ఉడికించిన సరకే కాదనియు, ఆరబెట్టిన పొరలే యనియు గ్రహించి, 1773లో రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించెను. గ్రంథప్రామాణ్యమునే పట్టుకొని వ్రేలాడు మనబోంట్లు ఈ వ్యాసమును చదువదగును. కారణము నేడు స్పష్టము: పొరలలోని కొల్లాజెను మూడుపేటల త్రాడువంటిది; వేడి తగిలిన పేటలు విడిపోయి జెలటినగును. జెలటినును కొంత తేర్చును గాని యంత శక్తి దానికి లేదు. అందుచేతనే పొరలను పుల్లని బీరులో చల్లగా నానబెట్టుదురు.

రష్యా సరకు వెల పౌనుకు 25 షిల్లింగులు. 1795లో విలియం మర్డాకు ఎండిన కాడుచేపతో చౌకయగు ప్రతినిధిని కల్పింపగా, లండను బీరు వర్తకులు దాని వినియోగమునకై 2000 పౌనులిచ్చిరి. ఇండ్లలో బీరు చేసికొనువారికి 1880లో విధించిన లైసెన్సు 1963లో తొలగినది. వారును నేడు ఐసింగ్లాసునో జెలటినునో వాడుచున్నారు.

ఇక ప్రకృతము. బీరులో కొల్లాజెను ధనవిద్యుత్తును, ఈస్టు ఋణవిద్యుత్తును వహించును. రెండును పెనవేసికొని ముద్దలై క్రిందికి దిగును. తేర్చినది మలముతో గూడ నడుగున నున్నదేకాని అభావమందలేదు. కతకరేణువును మడ్డితో నట్లే దిగును. ధాతుపాఠమున నశధాతువునకు అదర్శనమే అర్థముగా నీయబడినది. కావున దృష్టాంతము సరియే. నశించుటను సర్వథా లేకపోవుటగా వ్యాఖ్యానించుటయే పొరపాటు.

పైతేటలో సయితము లేశము మిగులవచ్చునను శంకచేతనే మాంసము ముట్టనివారు ఆ బీరును వర్జించుచు వచ్చిరి. డబ్లినులోని గిన్నెసువారు ఐసింగ్లాసును విడిచి వడపోతను చేపట్టెదమని 2015లో ప్రకటించిరి. వడపోతగుడ్డయు సుశ్రుతుని యేడింటిలోనిదే.