ప్యూరిటన్: తిట్టుగా పుట్టిన పేరు

ప్యూరిటన్ అనే పేరు వాళ్లు పెట్టుకున్నది కాదు. 1560ల ఇంగ్లండులో, చర్చిలో మిగిలిన కేథలిక్ ఆచారాలను కడిగెయ్యాలని పట్టుబట్టినవారిని గిట్టనివాళ్లు వెక్కిరిస్తూ అన్న మాట. శుద్ధి అనే అర్థమున్న లాటిన్ మాట దానికి మూలం. 1630లో తమ నాయకుడు జాన్ విన్‌త్రాప్ వెంట సముద్రం దాటి మసాచుసెట్స్‌లో స్థిరపడినా ఆ ముద్ర పోలేదు. నవ్వూ సుఖమూ గిట్టని మనిషి అన్న అర్థమే ఇప్పుడు ఇంగ్లీషులో నిలిచిపోయింది. ఇది అన్యాయం. వాళ్లు బీరు తాగారు, రంగుబట్టలు కట్టారు, పెళ్లిని పౌర ఒప్పందంగా చూసి విడాకులూ ఇచ్చారు.

మరి 1659లో మసాచుసెట్స్‌లో క్రిస్మస్ జరుపుకున్నవారికి ఐదు షిల్లింగుల జరిమానా పెట్టలేదా? పెట్టారు. ఆ పండుగకు బైబిల్లో ఆధారం లేదన్నది వాళ్ల పట్టు. సంతోషం మీద పగ కాదు, కృతజ్ఞతా దినాలను వాళ్లే జరుపుకున్నారు. నిజంగా తప్పుపట్టాల్సింది వేరే ఉంది, ఆ సంగతిని సుఖం గిట్టని మనిషి అన్న అర్థం కప్పేస్తోంది. 1631 నుంచి అక్కడ చర్చి సభ్యులైన పురుషులకే ఓటు. మనస్సాక్షి మీద ప్రభుత్వానికి అధికారం లేదన్న రోజర్ విలియమ్స్‌ను బహిష్కరించారు. తమ మీది హింసను తప్పించుకుని వచ్చినవాళ్లే 1659, 1661 మధ్య బోస్టన్‌లో మేరీ డయ్యర్‌తో కలిపి క్వేకర్లనే మరో క్రైస్తవ శాఖకు చెందిన నలుగురిని ఉరితీశారు.