పాతనగరపు బాటలలో గుఱ్ఱము, మోటారు, గొఱ్ఱెలమంద

మహాభారతమున విరాటుని కొలువులో నకులుడు అశ్వములకును, సహదేవుడు గోవులకును పాలకులైరి. ఒక్క తల్లి బిడ్డలే యైనను ఒకడు గుఱ్ఱపుసాలకు, మఱొకడు పసులమందకు పోయెను. తెలంగాణపు చరిత్రమందును ఈ రెండు కొలువులు వేఱువేఱుగానే నడచినవి. గుఱ్ఱము ప్రభువుది, మంద ప్రజలది. హైదరాబాదు పాతనగరమున మోటారుబండి ప్రవేశించిన కాలమును గూర్చి వ్రాయువారు నవాబుల వైభవమునే వర్ణింతురు గాని, ఆ బండికి దారి యిచ్చి ప్రక్కకు తొలగిన మందను తలచువారు తక్కువ.

మూసీనదిపై పురానాపూలు 1578లో వెలసెను. చార్మినారు 1591లో నిలిచి నాలుగు దిక్కులకు నాలుగు బాటలు తీర్చెను. ఏనుగులు, పల్లకీలు, గుఱ్ఱములు నడచిన బాటలివి. నగరము చుట్టునున్న మెట్టసీమలో గొల్లలు, కురుమలు దక్కనీజాతి గొఱ్ఱెలను పెంచుచుండిరి. నల్లని ఆ గొఱ్ఱెల ఉన్ని ముతుక. దానిని వడకి, చింతగింజల గంజి పెట్టి నేసిన గొంగడి వానకు గొడుగు, చలికి దుప్పటి, రాత్రి పఱుపు. పంట కోసిన చేలలో మంద పెట్టించుకొని ఎరువునకు బదులుగా రైతు ధాన్యము కొలుచుట ఆనాటి ఆచారము. అమ్మకపు గొఱ్ఱెలు మాత్రము కాలినడకనే నగరము చేరవలెను. పురానాపూలునకు చేరువనే యున్న జియాగూడ గొఱ్ఱెల మండికి ప్రసిద్ధి కెక్కెను.

ఇచట ఒక విచిత్రమును గమనింపవలెను. కాపరి తన బ్రతుకంతయు నడచియే గడపెను. కాని అతడు కొలుచు మల్లన్న అశ్వారూఢుడు. ఒగ్గుకథకులు డోలు వాయించి పాడు కథలో ఆ దేవుడు గొల్లకేతమ్మను పెండ్లాడును. తనకు లేని వాహనమును దేవున కిచ్చి, ఆ దేవునినే తన యింటి అల్లునిగా చేసికొన్న జాతి ఇది.

ఇక మోటారు మాట. ఆఱవ నిజాము మీరు మహబూబు అలీఖాను గుఱ్ఱములందు మిక్కిలి ప్రీతి గలవాడు. మౌలాలీ నుండి గుఱ్ఱపుపందెములు 1886లో మలకుపేటకు మాఱినది ఆయన కాలముననే. ఆయనయే 1911లో రోల్సురాయిసు సంస్థకు సింహాసనమువంటి ఎత్తైన పీఠము గల పసుపుపచ్చని బండిని చేయుమని యుత్తరు విచ్చెను. అది వచ్చులోపుననే, ఆ సంవత్సరము ఆగస్టులో, ఆయన స్వర్గస్థుడయ్యెను. బండి కుమారుడైన ఉస్మాను అలీఖాను పాలైనది. చౌమహల్లా ప్రాసాదమున దానిని చూడవచ్చును. అది నడచిన మైళ్లు బహు స్వల్పము. అది బండి యనుటకంటె చక్రములు గల గద్దె యనుట యుచితము.

మోటారు రాగానే గుఱ్ఱము మాయమయ్యె ననుకొనుట పొరపాటు. మొదటి ప్రపంచయుద్ధమున హైదరాబాదు లాన్సర్లు పాలస్తీనాలో గుఱ్ఱములపైననే సేవ చేసిరి. పాతనగరపు వీథులలో జట్కాలు, టాంగాలు ఆ పిమ్మట దశాబ్దముల పాటు నడచినవి. గుఱ్ఱమును వెనుకకు నెట్టినది మోటారుకంటె బాట యనవచ్చును. 1908 సెప్టెంబరు 28వ తేదీ మూసీ వరద నగరమును ముంచెత్తిన పిమ్మట, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇఱుకు సందులను వెడల్పు చేసి పత్తర్‌గట్టి రాతి అంగళ్లను నిర్మింపజేసెను. తరువాత సిమెంటు రోడ్లు వచ్చినవి. నున్నని రోడ్డుపై రబ్బరు చక్రము పట్టును, ఇనుపలాడము జాఱును. మందకు కలిగిన యిబ్బంది వేఱు. ముందు గొఱ్ఱె ఎటు పోయిన తక్కినవి అటే పోవును, బెదరినచో ఒకచోట ముద్దయగును. గుఱ్ఱమునకు కన్నులున్నవి గనుక తోలువాడు ఏమఱినను అది మందయెదుట తానే నిలుచును. మోటారునకు తోలువాని కన్నులే కన్నులు.

పల్లెలలో ఈ వాహనముల కథ యింత సరసము కాదు. దొరలకును, అధికారులకును గొల్లలు వెల లేకుండ గొఱ్ఱెల నీయవలసి యుండెను. దొర బండి యెక్కినచో వెట్టివాడు దాని ముందు పరుగిడవలెను. 1921లో ఏర్పడిన ఆంధ్రజనసంఘమును, మాడపాటి హనుమంతరావుగారును ఈ వెట్టిని గూర్చి గొంతెత్తిరి. దొర గుఱ్ఱమును వదలి మోటారు కొన్నంతమాత్రమున వెట్టి పోదు. ఉత్తరదేశపు అవధులో తాలూకాదారులు గుఱ్ఱము కొన్నచో ‘ఘోడావన్’, ఏనుగు కొన్నచో ‘హాథియావన్’, మోటారు కొన్నచో ‘మోటరావన్’ అను పేర రైతుల వద్ద పన్ను పిండిరి. వాహనము మాఱినది, మోయువాడు మాఱలేదు.

కావున సామాన్యునకు మోటారుయుగము రోల్సురాయిసుతో గాక 1932 జూనులో మొదలైన దనవలెను. ఆ నెలలో నిజాము రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను నెలకొల్పిరి. టిక్కెట్టు వెల చెల్లించినవాడు బండి ముందు పరుగిడ నక్కఱలేదు, లోపల కూర్చుండవచ్చును. గొంగడి కప్పుకొన్నవానికిని, షేర్వానీ తొడిగినవానికిని చక్రము ఒకే వేగమున తిరుగును. ఏనుగుపై అంబారీకి గాని, పసుపుపచ్చని బండికి గాని లేని గొప్పతనము ఇది. అయినను వెట్టి దానంతట పోలేదు. 1946లో మొదలై 1951 వఱకు సాగిన రైతాంగపోరాటము దాకా అది పల్లెలను పీడించుచునే యుండెను.

కాపరికి మాత్రము బస్సు సగమే అక్కఱకు వచ్చెను. సంతకు, చుట్టముల యింటికి, కచేరీకి అతడు బస్సెక్కెను. మంద బస్సెక్కదు గదా! అమ్మకపు గొఱ్ఱెలు లారీలపై నగరము చేరుట తరువాతి మాట. మేతకై వలస పోవు మందల వెంట కాపరులు నేటికిని నడచియే పోవుచున్నారు.